ఓపెన్ వాట్‌కామ్‌తో డాస్ రెసిడెంట్ ప్రోగ్రాములు: ఆరేళ్లు వాడాక

రాజోలు దగ్గర మా పెదనాన్నగారి రైస్ మిల్లులో కాటా కంప్యూటర్ ఇప్పటికీ డాస్ (విండోస్‌కి ముందటి పాత ఆపరేటింగ్ సిస్టమ్) మీదే నడుస్తోంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసినాయన ఎక్కడున్నాడో తెలీదు, సోర్స్ లేదు, అది చూపించేది కేజీలు మాత్రమే. రైతు అడిగేదేమో బస్తాలు. దాళ్వా కోతలప్పుడు బండ్లు బారులు తీరి ఉంటే గుమస్తాగారు ప్రతిసారీ కాలిక్యులేటర్ తీసి 75తో భాగించేవారు. ఆల్ట్, బి నొక్కగానే తెర మీది 4350 చదివి మూలన 58 అని చూపించే ప్రోగ్రామొకటి మెమరీలో కూర్చుంటే చాలనుకున్నాను. ఇలా వేరే ప్రోగ్రాము నడుస్తున్నా మెమరీలోనే ఉండిపోయేదే రెసిడెంట్ ప్రోగ్రాము.

అది రాయడానికి సీ భాష కంపైలర్ కావాలి. టర్బో సీ కాలేజీలో అందరం వాడిందే, కానీ 64 బిట్ విండోస్‌లో డాస్‌బాక్స్ (డాస్‌ని అనుకరించే ప్రోగ్రాము) లేకుండా తెరుచుకోదు. డీజేజీపీపీ అనే ఇంకో కంపైలర్ 32 బిట్ ప్రొటెక్టెడ్ మోడ్‌ది, డాస్ మామూలుగా నడిచే 16 బిట్ మోడ్‌ది కాదు, ఈ పనికి దండగ. 2010లో వచ్చిన ఓపెన్ వాట్‌కామ్ 1.9 మాత్రం ఉచితం, ల్యాప్‌టాప్‌లోనే కంపైల్ చేసి ఫైల్ పట్టుకెళ్లిపోవచ్చు. కీ నొక్కడం లాంటిది జరిగినప్పుడు ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి వేరే ఫంక్షన్‌కి వెళ్లడమే ఇంటరప్ట్, ఆ ఫంక్షన్ హ్యాండ్లర్. ఫంక్షన్ ముందు ఇంటరప్ట్ అని రాస్తే రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి తాత్కాలిక గళ్లు) దాచడం, తిరిగి పెట్టడం వాట్‌కామే చూసుకుంటుంది, పాత హ్యాండ్లర్‌కి అప్పగించడానికీ రెడీమేడ్ ఫంక్షన్ ఉంది. ఇక్కడి వరకూ హాయి.

మొదటిరోజే "స్టాక్ ఓవర్‌ఫ్లో" అని చూపించి మిషన్ బిగుసుకుపోయింది, అదీ బయట ఆరు ట్రాక్టర్లు ఉన్నప్పుడు. ఇంటరప్ట్ వచ్చినప్పుడు స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) మనది కాదు, ఆ క్షణాన నడుస్తున్న ప్రోగ్రాముది. వాట్‌కామేమో ఫంక్షన్‌లోకి వెళ్లినప్పుడల్లా స్టాక్ చాలుతుందా అని మన లెక్కతో చూస్తుంది. కంపైల్ చేసేటప్పుడు మైనస్ ఎస్ ఆప్షన్ ఇచ్చి ఆ చెకింగ్ తీసేయాలి, స్టాక్ ఉన్న సెగ్మెంట్ (మెమరీ భాగం) మన డేటాది కాదు, వేరని చెప్పే మైనస్ జెడ్‌యూ కూడా ఇవ్వాలి.

రెండోది పూర్తిగా నా తెలివితక్కువతనం. మెమరీలో ఎంత ఉంచాలో 16 బైట్ల పేరాల్లో చెప్పాలి, నేను బైట్లనుకుని 6000 ఇచ్చాను. అంటే 96,000 బైట్లు! బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మెమరీ చాల్లేదని లేవనే లేదు.

అసలు గొడవ కంపైలర్‌తో వచ్చే రెడీమేడ్ ఫంక్షన్ల లైబ్రరీతో. ప్రింట్‌ఎఫ్, ఫైల్ ఫంక్షన్లు చివరికి డాస్‌నే పిలుస్తాయి, డాస్ అప్పటికే ఇంకో పనిలో ఉంటే మళ్లీ లోపలికి రానివ్వదు. అందుకే అంకెలు నేనే అక్షరాలుగా మార్చి తెర మీది అక్షరాలుండే బీ800 సెగ్మెంట్‌లో నేరుగా రాస్తున్నాను. తూకాలన్నీ ఫైల్లో కూడా రాద్దామని ఆశపడి డాస్ పనిలో ఉందో లేదో చెప్పే ఇన్‌డాస్ ఫ్లాగ్, డాస్ ఖాళీగా ఎదురుచూస్తున్నప్పుడు వచ్చే ఇంటరప్ట్ 28 అన్నీ పెట్టాను, నెల తిరక్కుండా ఒక ఫైల్ పాడైంది. ఆ భాగం పీకేశాను, మళ్లీ దాని జోలికి పోలేదు.

కంపైలర్‌కి మార్కులు వేయమంటే పదికి ఎనిమిది వేస్తాను, లైబ్రరీ జోలికి పోనంతవరకే లెండి. మెమరీలోంచి దించే భాగం ఇప్పటికీ రాయలేదు, ఏదైనా మార్చాల్సొస్తే గుమస్తాగారు టీకి వెళ్లినప్పుడు రీబూట్ చేస్తున్నాను.