బీడు చేనులో మినీ ట్రాక్టర్, నాలుగడుగుల రోటవేటర్: ఎంతవరకు నమ్మొచ్చు

ముందే చెప్పేస్తా, 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టర్, దాని వెనక నాలుగడుగుల రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు), ఈ జోడీ అంటే నాకు చాలా ఇష్టం, తోటలున్న చిన్న రైతుకి ఇంతకంటే పనికొచ్చే బండి లేదని నా గట్టి నమ్మకం. కానీ ఏళ్ల తరబడి బీడు పడిన చేనుని దీంతో నేరుగా తిప్పేద్దాం అనుకుని కొనేవాళ్లు మాత్రం కాస్త ఆగి ఇది చదవండి. కంపెనీ పేరు రాయట్లేదు, ఈ సైజులో కుబోటా నియోస్టార్, మహీంద్రా జీవో, వీఎస్‌టీ, సోనాలికా ఇలా చాలా ఉన్నాయి, బీడు విషయంలో నేను చెప్పేది ఏ బండికైనా వర్తిస్తుంది.

మాది మదనపల్లె పక్క, ఎర్రనేల, మధ్య మధ్యలో పలుగురాళ్లు. ఎకరంన్నర చేను చాన్నాళ్లు సేద్యం లేక పడిపోయి ఉండింది, కంపచెట్లు, వయ్యారిభామ, కింద చాప పరిచినట్టు గరిక, పల్లం వైపంతా తుంగ. దాన్ని టమాటాకి తయారు చేయాలి. ఇంట్లో బండి ఉంది కదా బయట బాడుగ ఎందుకు అని అందరికీ అనిపిస్తుంది, సహజమే. అయితే రోటవేటర్ పని ఏంటంటే ఇప్పటికే పగిలిన మట్టిని గుల్ల చేయడం, గట్టి నేలని మొదటిసారి పగలగొట్టడం దాని పని కాదు. బ్లేడ్లు తిరిగేది చక్రాలు తిరిగే దిక్కుకే, కాబట్టి నేల మెత్తగా ఉంటే బ్లేడ్లు దిగి కోసుకుంటూ పోతాయి, గట్టిగా ఉంటే దిగకుండా నేల మీద నడిచినట్టు బండినే ముందుకు తోసేస్తాయి, వెనక రోటవేటర్ ఎగిరెగిరి పడుతుంది, సీటు మీద కూర్చున్నోడి నడుము పోతుంది, చూస్తే పైన రెండు అంగుళాలు గీరి ఉంటుంది అంతే. డెమోలో షోరూమ్ వాళ్లు చూపించేది అప్పటికే సేద్యమైన కయ్యలో, అందులో ఏ బండైనా వెన్నలా పోతుంది. డెమో అడిగితే మీ చేనులోనే, మీ గట్టి నేల మీదే అడగండి.

కంప మొదళ్ల సంగతి. వీటి జోలికి మినీ ట్రాక్టర్ అస్సలు పోకూడదు. చెయిన్ కట్టి లాగితే వస్తుందిలే అంటారు, దయచేసి ఆ పని చేయొద్దు, బండి తేలిక, వేరు పట్టు వదలకపోతే ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది, ముఖ్యంగా చెయిన్ కింద హిచ్‌కి (లాగడానికి ఉండే కొక్కేనికి) కాకుండా పైన టాప్ లింక్ (పనిముట్టుని పైన పట్టే కడ్డీ) దగ్గర కడితే ప్రాణానికే ముప్పు. జేసీబీని గంటల లెక్కన పిలిపించి మొదళ్లు వేళ్లతో సహా తీయించండి, పెద్ద రాళ్లు కూడా అప్పుడే గెనిమ (గట్టు) మీదకి తోయించండి. ఆ బాడుగ దండగ కాదు, మట్టిలో మిగిలిన ఒక్క మొద్దు రోటవేటర్‌కి తగిలితే బ్లేడ్ వంగుతుంది, బోల్టు తెగుతుంది, షాఫ్ట్ దాకా దెబ్బ పోయినా పోతుంది.

తర్వాత మొదటి దుక్కి. ఇది 45, 50 హెచ్‌పీ పెద్ద ట్రాక్టర్‌కి డిస్క్ నాగలో రెక్క నాగలో వేసి బాడుగకి చేయించుకోవడమే మేలు, అదీ ఏప్రిల్, మే నెలల్లో ఒక మంచి వాన పడి నేల కాస్త మెత్తబడ్డాక. మినీకి ఐదు టైన్ల (ఇనుప పళ్ల) గొర్రు వేసి లాగొచ్చు, లాగుతుంది కూడా, కానీ బీడులో లోతు పెట్టేకొద్దీ చక్రాలు అక్కడే గిరగిరా తిరుగుతాయి, టైర్లు అరిగిపోతాయి. పైపైన ఒకసారి, అడ్డంగా ఇంకోసారి, ఇలా కొంచెం కొంచెం లోతుకి పోవాలి. ఓపికుంటే సరే, కానీ పెద్ద బండి ఒక్క చుట్టులో చేసే పని అది.

వేసవి దుక్కి మీద నేనింత పట్టుబట్టడానికి అసలు కారణం గరిక, తుంగ. గరిక కణుపు కణుపుకీ వేరు పోస్తుంది, తుంగ కింద గడ్డలు గొలుసులా ఉంటాయి. పచ్చి మీద రోటవేటర్ కొడితే దాన్ని ముక్కలు ముక్కలుగా తరిగి చేనంతా నాటినట్టే, ఆ రోజు చూస్తే చేను అద్దంలా ఉంటుంది, వాన పడిన రెండు వారాలకి మొత్తం పచ్చగా లేస్తుంది, అది పంట కాదు. అదే నాగలితో తిరగేసి ఎండకి వదిలేస్తే వేళ్లు పైకొచ్చి ఎండిపోతాయి, అప్పుడు గొర్రు తోలి దంతెతో ఏరి గెనిమ మీద పోసుకుంటే సగం దరిద్రం పోతుంది. తుంగ గడ్డ అంత సులువుగా చావదు గానీ ఎండిన గడ్డకి బలం తగ్గుతుంది. కూలీల ఖర్చు ఇక్కడ పెట్టండి, తర్వాత కలుపుకి పెట్టే ఖర్చు చాలా మిగులుతుంది.

ఇప్పుడు రోటవేటర్ వంతు, ఇక్కడ మాత్రం ఈ జోడీకి నేను వంద మార్కులు వేస్తా. దుక్కి అయిన నేలలో పదును చూసి దిగాలి, పిడికెడు మట్టి తీసి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి, అంతే పదును. లో గేర్‌లో మొదటి స్పీడు, ఇంజిన్‌ని పీటీఓకి (బండి వెనక రోటవేటర్‌ని తిప్పే షాఫ్ట్‌కి) కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం దగ్గర నిలిపి నిదానంగా పోతే నాలుగైదు అంగుళాల లోతు హాయిగా వస్తుంది, ఫోర్ వీల్ వేసి ఉంటే ముందు చక్రాలు బండిని పట్టుకుంటాయి, ముందుకు ఉరకదు. 750 కిలోల లిఫ్ట్ ఉన్న బండికి ఈ రోటవేటర్ ఏమాత్రం బరువు కాదు. డీజిల్ మా నేలలో లోడ్ మీద గంటకి మూడు లీటర్లు దాటింది, మొదటి చుట్టుకి ఎక్కువ, రెండో చుట్టుకి తక్కువ. మలుపుల్లో రోటవేటర్ లేపి తిప్పండి, దించి రివర్స్ కొట్టొద్దు. గట్టి నేల మీద తిరుగుతున్న రోటర్‌ని ఒక్కసారిగా వదలొద్దు, మెల్లగా దించండి.

కొనేటప్పుడు చూడాల్సినవి: రోటవేటర్ వెడల్పు బండి వెనక టైర్ల బయటి అంచు వరకు కప్పాలి, లేకపోతే టైరు తొక్కిన జాడ అలాగే గట్టిగా మిగిలిపోతుంది. రాళ్ల నేలైతే గేర్ డ్రైవ్ తీసుకోండి, చెయిన్ డ్రైవ్ కొంచెం చవక గానీ దెబ్బలకి సాగుతుంది. గట్టి నేలకి సీ టైపు బ్లేడ్లు బాగా దిగుతాయి, చెత్త, గడ్డి ఉన్నచోట ఎల్ టైపు నయం, మాకు వచ్చింది ఎల్ టైపే. బ్లేడ్లు స్టాక్ ఉంటాయని మేం కొన్న చోట చెప్పారు గానీ సీజన్‌లో అడిగితే రేపు మాపు అని తిప్పారు, అందుకే ఒక సెట్ బ్లేడ్లు, బోల్టులు బండితో పాటే తెచ్చుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్లకి జీఎస్‌టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది, కొటేషన్‌లో అది కనపడాలి. సబ్సిడీ ఉందో లేదో ముందు రైతు సేవా కేంద్రంలో కనుక్కుని తర్వాత అడ్వాన్స్ ఇవ్వండి.

ఒక విషయం చెప్పకుండా ఉండలేను. పీటీఓ షాఫ్ట్ మీద ప్లాస్టిక్ కవర్ వస్తుంది, చాలామంది అడ్డమని తీసి పారేస్తారు. తీయొద్దన్నా. లుంగీ, తువ్వాలు, చీర కొంగు, ఏది చిక్కినా మనిషిని లాగేస్తుంది, కేక వేసేలోపు అయిపోతుంది. వేళ్లు ఏరే అక్కావాళ్లని బండి వెనక నడవనీయకండి, చేను అయ్యాక దిగమనండి. పిల్లల్ని మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టొద్దు, వాళ్లు ఎంత ఏడ్చినా సరే. రోటర్‌కి గడ్డి చుట్టుకుంటే ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని అప్పుడు చేయి పెట్టండి.

రెండు చుట్లు చాలు. మట్టి పిండి అయ్యేదాకా కొడితే చూడ్డానికి బాగుంటుంది గానీ ఎర్రనేలలో ఒక గట్టి వాన పడగానే పైన పెచ్చు కట్టేస్తుంది, మొలక పైకి రాలేదు. ఏటా అదే లోతులో రోటవేటర్ ఒక్కటే తిప్పుతూ పోతే కింద గట్టి పొర కూడా ఏర్పడుతుంది, వేరు దిగదు, నీళ్లు దిగవు. మధ్య మధ్యలో నాగలి పడాల్సిందే.

మామిడి, బత్తాయి, టమాటా ఇలా సాళ్ల మధ్య ఏడాది పొడుగునా పని ఉన్నోళ్లు ధైర్యంగా కొనండి, పెద్ద బండి దూరని చోట ఇది దూరి చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. కేవలం బీడు తెరవడానికే అయితే కొనాల్సిన పనిలేదు, బాడుగ చాలు. కొన్నవాళ్లు మాత్రం కొత్త రోటవేటర్ రెండు మూడు గంటలు నడిపాక ఆపి బ్లేడ్ బోల్టులన్నీ ఒకసారి బిగించండి, మొదట్లో లూజ్ అవుతాయి, గేర్‌బాక్స్ ఆయిల్ కూడా అప్పుడే చూసుకోండి.