గ్లూటెన్ పడనివాళ్లకు ఏ ప్యాకెట్ మేలు?

గోధుమ, మైదా, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు సీలియాక్. అది ఉన్న పిల్ల మా ఇంట్లో ఉందని తెలిసినవాళ్లంతా నన్ను అడిగేది ఒకటే. చిరుతిళ్లు స్వగృహ షాపులో కొనాలా, పెద్ద కంపెనీ ప్యాకెట్లు కొనాలా, ఖరీదైనా 'గ్లూటెన్ ఫ్రీ' అని రాసి ఉన్నవే తేవాలా?

మనసు స్వగృహ వైపే లాగుతుంది. మా విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా వీధికొక షాపు, జంతికలూ చెక్కలూ బియ్యప్పిండివే కదా! పిండితో పేచీ లేదు. పేచీ ఇంగువతో. బజార్లో దొరికే ఇంగువలో చాలావరకు మైదాయో గోధుమపిండో కలిసే ఉంటుంది, జంతికల ప్యాకెట్ మీద మాత్రం 'ఇంగువ' అనే రాస్తారు. అంతకంటే పెద్ద పేచీ మూకుడుతో. మైదాతో చేసే గవ్వలూ కాజాలూ దేవిన నూనెలోనే జంతికలూ వేగితే, లోపల ఏ పిండి ఉన్నా లాభం లేదు. అడిగి చూడండి, "అన్నీ ఒకే మూకుడండీ" అని దాచకుండానే చెబుతారు. ఇంగువ వెయ్యకుండా చేయించుకోవచ్చు, మనొక్కరి కోసం మూకుడు మార్చరు. నా లెక్కలో తేల్చేది అదే.

అందుకే నా ఓటు పెద్ద కంపెనీలకు. అవేమీ గొప్పవని కాదు, గ్లూటెన్ ఉన్న ధాన్యం కలిస్తే ప్యాకెట్ మీద చెప్పాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. పదార్థాల జాబితా కిందే 'కంటెయిన్స్', 'మే కంటెయిన్' అని ఉంటుంది. అక్కడ వీట్, బార్లీ కనిపిస్తే వెనక్కి పెట్టేయడమే. బంగాళాదుంప, నూనె, ఉప్పు తప్ప ఇంకేమీ లేని సాదా చిప్స్ నయం. మసాలా రకాలకు మాత్రం ప్రతిసారీ చదవాలి. కార్న్‌ఫ్లేక్స్‌లో బార్లీ మాల్ట్ ఉండొచ్చు. రాగి బిస్కెట్లంటారా, చాలావాటిలో రాగుల కన్నా మైదాయే ముందుంటుంది.

పిండితో చేసిన బిస్కెట్లు, కేకుల దగ్గరకొస్తే మాత్రం 'గ్లూటెన్ ఫ్రీ' ముద్ర లేనిదే నేను ముట్టను. ఆ మాట రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ దాటకూడదు. 'లో గ్లూటెన్' అంటే 20 నుంచి 100 దాకా, అది సీలియాక్ వాళ్లకు కాదు. ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, రుచీ అంతంతమాత్రమే. రోజూ కొనే తిండి కాదు, పుట్టినరోజులకు సరే.

పల్లీ చిక్కీ, మరమరాలు: లేబుల్ చూసుకుని కానివ్వండి. పూతరేకులు మామూలువైతే బియ్యం, బెల్లం, నెయ్యే. హార్లిక్స్ కలిపినవి వద్దు. మాడుగుల హల్వా గోధుమపాలతో చేసేది. చుట్టాలెవరైనా తెస్తే నవ్వుతూ తీసుకుని పక్కింటివాళ్లకు ఇచ్చేయండి.