మెక్‌చేన్ బైబిలు పఠన పట్టిక: రెండు తలంపుల మధ్య తడబడేవారికి పనికొస్తుందా?

రాబర్ట్ మర్రే మెక్‌చేన్ స్కాట్లాండులోని డండీలో సెయింట్ పీటర్స్ సంఘానికి కాపరి. 1842 చివర్లో తన సంఘస్థుల కోసం ఏడాదికి సరిపడా ఈ పట్టిక వేశారు. తర్వాతి మార్చిలోనే, 29 ఏళ్లకే కన్నుమూశారు. పట్టిక మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. ఖర్చేమీ లేదు, అచ్చు తీసుకుని మడిచి బైబిల్లో పెట్టుకోవచ్చు.

రోజుకు నాలుగు భాగాలు. రెండు కుటుంబ ప్రార్థనలో, రెండు ఏకాంతంగా. జనవరి 1న ఆదికాండము, మత్తయి, ఎజ్రా, అపొస్తలుల కార్యములు ఒక్కసారే మొదలవుతాయి. ఏడాది తిరిగేసరికి పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధనా కీర్తనలూ రెండేసిసార్లు పూర్తవుతాయి. చిన్న కీర్తనలు కలిపేశారు, 119వ కీర్తనను ముక్కలు చేశారు. మనసులో చదువుకుంటే రోజుకు అరగంట చాలు. పాత గ్రాంథిక అనువాదాన్ని పైకి చదివితే ఇంకాస్త పడుతుంది. పిల్లలుంటే కుటుంబ భాగాలకు వాడుక భాష అనువాదమే మేలు.

రెండు తలంపుల మధ్య తడబడకుండా, విశ్వాసంలో రాజీ పడకూడదనుకునేవారికి ముందు ఎక్కడ రాజీ పడకూడదో తెలియాలి. వాగ్దాన వచనాలనే తిప్పి తిప్పి చదివితే అది తెలియదు. ఈ పట్టిక అధ్యాయాన్ని మొదటినుంచి చివరిదాకా చదివిస్తుంది, దాని బలమంతా అక్కడే. దానియేలు 1 తీసుకోండి. బబులోను పేరు పెడితే దానియేలు ఊరుకున్నాడు, కల్దీయుల విద్య మూడేళ్లు నేర్చుకోవడానికీ కాదనలేదు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగిపోయాడు. ఆగి, గొడవ పెట్టుకోలేదు. నపుంసకుల యధిపతిని వేడుకున్నాడు. ఆయన భయపడితే, తమమీద నియమించిన వాడి దగ్గరికి వెళ్లి పది రోజుల గడువు అడిగాడు: శాకధాన్యాలూ నీళ్లూ ఇచ్చి, తర్వాత ముఖాలు చూడమన్నాడు. అపవిత్రపడకూడదని నిశ్చయించుకున్నాడనే 8వ వచనం ఒక్కటే చదివితే ఈ మర్యాద, ఈ వివేకం కనబడవు. ఒంటి వచనం పట్టుకుని ఆఫీసులో అందరితో తగువు పెట్టుకుని, దాన్నే విశ్వాసం అనుకునేవాళ్లు ఎక్కువ.

ఇదే పట్టిక 2 రాజులు 5 కూడా చదివిస్తుంది. రిమ్మోను దేవత గుడిలో రాజు తన చేతిమీద ఆనుకుంటే వంగాల్సి వస్తుందని సిరియా సేనాపతి నయమాను ముందే చెప్పి క్షమాపణ అడిగాడు. ప్రవక్త ఎలీషా ‘నెమ్మది కలిగి పొమ్మని’ పంపేశాడు. 1 కొరింథీయులు 10లో పౌలు కటికి అంగడి మాంసాన్ని ఆరా తీయకుండా తినమంటాడు, ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం మానేయమంటాడు. తేలిగ్గా తేలే సంగతులు కావివి. అయినా వీటిని దాటేసి కట్టుకున్న నిష్ఠ మొండితనంగా మారుతుంది.

ఇక లోపాలు. రెండు రోజులు తప్పితే ఎనిమిది భాగాలు మీద పడతాయి. చాలామంది లేవీయకాండము, సంఖ్యాకాండముల దగ్గరే చతికిలపడతారు. బాకీ తీర్చబోకండి, తప్పినవి వదిలేసి ఇవాళ్టి తేదీకి రండి. అదీ బరువనిపిస్తే రెండేళ్లకు పంచుకోండి: మొదటి ఏడాది కుటుంబ వరుసలు, రెండో ఏడాది ఏకాంత వరుసలు. అలాగైనా కొత్త నిబంధన, కీర్తనలు ఏటా ఒకసారి పూర్తవుతాయి.

రోజుకు నాలుగు చోట్ల తిరగడం వల్ల ఒక్క పుస్తకం మీదా మనసు నిలవదన్న ఫిర్యాదు నిజమే. నాలుగూ చదివి, ఒక్కదాని మీదే ఆగండి. నోటుబుక్కులో ఒకే వాక్యం రాయండి: ఈ రోజు దేనికి లోబడాలి? ‘ప్రేమగా ఉండాలి’ అని రాస్తే సాయంత్రానికి గుర్తుండదు. ‘ఆ బిల్లులో జరగని ఖర్చు రాయను’ అని రాస్తే ఉంటుంది.

ఆచారంగా మారడం, స్వనీతి (చదివాను కాబట్టి నేను నీతిమంతుణ్నే అనుకోవడం), అజాగ్రత్తగా చదవడం, మోయలేని కాడి కావడం అనే నాలుగు ప్రమాదాలను మెక్‌చేన్ స్వయంగా పట్టికతోపాటే రాసిపెట్టారు. వరుసగా ఎన్ని రోజులు చదివామో లెక్క చూపించే యాప్‌లు రెండో ప్రమాదాన్ని జేబులో పెట్టిస్తాయి. కాగితం, పెన్సిలే నయం.

బైబిలు ఎన్నడూ తెరవనివారికి ఇది తగదు, మార్కు సువార్తతో మొదలుపెట్టాలి. మిగతావారు జనవరి దాకా ఆగక్కర్లేదు. ఇవాళ్టి తేదీ దగ్గర పట్టుకుని వచ్చే ఏడు ఇదే తేదీకి ముగించవచ్చు. 365 రోజుల పట్టిక కాబట్టి లీపు సంవత్సరంలో ఫిబ్రవరి 29 ఖాళీ. బాకీ చదవాలనే పట్టుదల ఉంటే ఆ రోజు చదువుకోండి.