టామల్పయస్ చుట్టు నడక: కొండ మీద మొదలా, కడలి అంచున మొదలా?

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరానికి వెళితే మారిన్ కౌంటీలో టామల్పయస్ కొండ వస్తుంది. ఎత్తు 784 మీటర్లే. అయితే పడమటి వాలు పసిఫిక్ దాకా దిగిపోతుంది కాబట్టి, ఒక్క పూటలో రెడ్‌వుడ్ అనే బాగా పొడవైన చెట్ల అడవినీ గడ్డి వాలునూ ఇసుక తీరాన్నీ కాలినడకన చూసి రావచ్చు. డిప్సీ, స్టీప్ రవీన్, మాట్ డేవిస్ అనే మూడు బాటలను కలిపితే బయలుదేరిన చోటికే చేర్చే చుట్టు అవుతుంది. సుమారు 11 కిలోమీటర్లు, 500 మీటర్ల ఎక్కుడు. నేనూ, నా భార్యా, మామయ్యగారూ దీన్ని రెండుసార్లు నడిచాం. రెండుసార్లకూ బాటలు అవే, మొదలు మాత్రం వేరు.

మొదటిసారి ఫిబ్రవరిలో పైనుంచి దిగాం. కొండ నడుమ పాన్‌టోల్ రేంజర్ స్టేషన్ దగ్గర కారు ఆపి స్టీప్ రవీన్ లోయలోకి నడిచాం. అక్కడ ఫిబ్రవరి అంటే వానాకాలం కావడంతో వెబ్ వాగు రాళ్ల మీద నురగలు కక్కుతోంది. చెట్ల మొదళ్ల దగ్గర అరటిపండు రంగులో బనానా స్లగ్‌లు (గుల్ల లేని నత్తలు) నెమ్మదిగా పాకుతున్నాయి. ఆ లోయ అందానికి నేను ఈనాటికీ దాసుణ్ణే. కానీ బాటలో పది అడుగుల చెక్క నిచ్చెన ఒకటుంది. తడిసిన మెట్ల మీద వెనక్కి తిరిగి దిగాలి. దాని తరువాత కూడా రాతి మెట్లు, వేర్లు, బురద. మామయ్యగారికి 63 ఏళ్లు. నిచ్చెన దిగి మోకాలు పట్టుకుని బండ మీద కూర్చున్నారు. "అల్లుడుగారూ, ఎంత ఎక్కమన్నా ఎక్కుతాను. ఈ దిగుడే నా వల్ల కావడం లేదు" అన్నారు. తీరా తీరం చేరేసరికి అలసట. అప్పుడు గుర్తొచ్చింది, 11 కిలోమీటర్లలో అసలు ఎక్కుడంతా ఇంకా ముందే ఉందని. మధ్యాహ్నం ఎండలో మాట్ డేవిస్ బాట మీద కారు దాకా ఎక్కడం ఆయనకు శిక్షే అయింది. ప్రణాళిక నాది కాబట్టి ఆ తప్పూ నాదే.

అందుకే రెండోసారి అక్టోబరులో కింద తీరాన ఉన్న స్టిన్సన్ బీచ్ ఊరి నుంచి బయలుదేరాం. ఇక మీదట ఎవరు అడిగినా ఇదే చెబుతాను. పొద్దున్నే, కాళ్లలో సత్తువ ఉండగానే డిప్సీ బాట మీద గట్టు ఎక్కి లోయలోకి వస్తాం. అక్కడి నుంచి స్టీప్ రవీన్ అంతా చెట్ల నీడే. నిచ్చెన ఎక్కేటప్పుడు చేతులకు పట్టు దొరుకుతుంది, కళ్ల ముందు మెట్టు కనిపిస్తుంది. చెమట పట్టి పాన్‌టోల్ చేరగానే మంచినీళ్లు, మరుగుదొడ్లు, కూర్చోవడానికి బల్లలు. సగం దారిలో ఇవి దొరకడం ఎంత పెద్ద ఉపకారమో పెద్దవాళ్లతో నడిచినవారికే తెలుస్తుంది. మామయ్యగారు అక్కడ అరగంట విశ్రాంతి తీసుకుని, మోకాలికి పట్టీ బిగించుకుని లేచారు.

రోడ్డు దాటితే మాట్ డేవిస్. మొదట్లో దాదాపు చదునుగా కొండ పక్కనే సాగి, ఒక మలుపులో అడవి వదిలి బంగారు రంగు గడ్డి వాలు మీదకు తెస్తుంది. సముద్రమంతా ఒక్కసారిగా కళ్ల ముందు పరుచుకుంటుంది. కుడివైపు కింద బొలీనాస్ మడుగు. భూకంపాలు పుట్టించే శాన్ ఆండ్రియాస్ భూభ్రంశం (నేలలోని పెద్ద పగులు) ఆ మడుగు కిందుగానే పోతుంది. ఆ రోజు ఆకాశం తేటగా ఉండి దూరాన ఫారలాన్ దీవులు కూడా కనిపించాయి. వేసవిలో అయితే ఇక్కడ పొగమంచు తప్ప ఏమీ కనిపించని రోజులే ఎక్కువ. ఆ మంచే ఆకుల మీద చేరి బొట్లుబొట్లుగా రాలి ఎండాకాలంలో రెడ్‌వుడ్‌లను బతికిస్తుంది కనుక దాన్ని తిట్టుకోలేం. దృశ్యాలు కావాలంటే సెప్టెంబరు, అక్టోబరు. వాగు నిండుగా చూడాలంటే ఫిబ్రవరి, మార్చి. చివర్లో ఊరి దాకా దిగుడు మెట్లు ఇక్కడా ఉన్నాయి. కాకపోతే పొడిగా ఉన్నాయి, చేతికర్రలతో మామయ్యగారు నిదానంగా దిగేశారు.

బస విషయానికొస్తే, పాన్‌టోల్‌లో గుడారం వేసుకునే చోటు ఉంది. స్నానాల గదులు లేవు, రాత్రి చలి ఎముకలకు పడుతుంది. మేమిద్దరం ఒకసారి సర్దుకున్నాం గాని పెద్దవాళ్లను అక్కడ పడుకోమనను. సముద్రపు ఒడ్డున స్టీప్ రవీన్ క్యాబిన్లు నా కల. కరెంటు లేదు, కట్టెల పొయ్యి, చెక్క మంచాలు, కిటికీ అవతల అలలు. ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు, తెరిచిన వెంటనే అయిపోతాయి. నాకు ఇంతవరకూ దొరకలేదు. కొండ మీద 1904లో కట్టిన వెస్ట్ పాయింట్ ఇన్ ఉంది. ఒకప్పటి కొండ రైలు ప్రయాణికుల విడిది అది. అక్కడికీ నడిచో సైకిల్ మీదో చేరాల్సిందే.

స్టిన్సన్ బీచ్ పార్కింగ్ ఉచితం, పాన్‌టోల్‌లో రుసుము కట్టాలి. ఎండ కాసిన వారాంతాల్లో బీచ్ వైపు పొద్దెక్కకముందే నిండిపోతుంది. సాయంత్రం గేటు మూసే వేళ ప్రవేశంలోనే రాసి ఉంటుంది, చదివి వెళ్లండి. లోయలో మా ఫోన్లకు సిగ్నల్ అందలేదు కాబట్టి మ్యాపు ముందే దింపుకోండి. కుక్కలను ఈ బాటల మీదకు రానివ్వరు. అన్నిటికన్నా ముఖ్యం పాయిజన్ ఓక్. మూడేసి ఆకుల పొద, శరదృతువులో ఎర్రగా మెరిసి చేయి చాపమంటుంది. మామయ్యగారు ఆ రంగు చూసి ఒక కొమ్మ తుంచబోతుంటే మా ఆవిడ కేక వేసి ఆపింది. ఆ ఆకు నూనె తగిలితే వారాల తరబడి దద్దుర్లు. పొడుగు చేతుల చొక్కా, నిండు ప్యాంటు వేసుకోండి.

వచ్చే వసంతంలో అత్తయ్యగారు కూడా వస్తానంటున్నారు. ఆవిడకు ఎక్కుడు పడదు. స్టిన్సన్ నుంచి పాన్‌టోల్ మీదుగా మారిన్ ట్రాన్సిట్ వారి 61 నంబరు బస్సు తిరుగుతుంది, రోజుకు కొద్ది సార్లే. ఆవిడ, నా భార్య బస్సులో పాన్‌టోల్ చేరతారు. మామయ్యగారూ నేనూ లోయ గుండా ఎక్కి వస్తాం. నలుగురం బల్లల దగ్గర కలుసుకుని గడ్డి వాలు మీదుగా కలిసి దిగాలని అనుకుంటున్నాం.