అమ్మ టికెట్టులో పోయిన 145 రూపాయలు: నంద్యాల, మహానంది, యాగంటి యాత్ర

బయల్దేరేటప్పుడు ఈ యాత్ర గురించి రాయాలన్న ఆలోచన లేదు. తిరుగు ప్రయాణంలో ఒకతను మా అమ్మ టికెట్టు మీద 145 రూపాయలు నొక్కేశాడు, అందుకని రాస్తున్నాను. డబ్బు చిన్నదే. కానీ అరవై దాటిన మనిషని ఆమెకి తగ్గించిన డబ్బు అది. తగ్గించిన సంగతి ఆమెకి తెలియకుండానే మధ్యలోవాడి జేబులోకి పోయింది.

2025 కార్తీకంలో విజయవాడ నుంచి ముగ్గురం వెళ్ళాం. అమ్మకి 67. మామయ్య, అంటే అమ్మ తమ్ముడికి, 58. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది, కాలికి ఊతంగా క్యాలిపర్ కట్టుకుని చంకకర్ర మీద నడుస్తాడు. నాకు 41. మహానంది చూడాలని అమ్మ కోరిక, యాగంటి చూడాలని మామయ్య కోరిక. ఇద్దరినీ ఎక్కించి దించడం నా పని.

వెళ్ళేటప్పుడు రైలు, స్లీపర్. అమ్మ టికెట్టు 200 రూపాయలు. మామయ్యకీ నాకూ 65 చొప్పున. ఈ లెక్క విని అమ్మ మొహం మాడిపోయింది. "ముసలిదాన్ని నేనా, నువ్వా?" అంది. ఆమె అడగడంలో న్యాయం ఉంది. తోడు లేకుండా ప్రయాణం చేయలేని శారీరక వైకల్యం ఉన్నవాళ్ళకి స్లీపర్లోనూ థర్డ్ ఏసీలోనూ 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీల్లో 50 శాతం తగ్గిస్తారు. వెంట వెళ్ళే ఒకరికీ అంతే. మామయ్యకి తోడుగా వెళ్ళాను కాబట్టి నాకు తగ్గింది. పెద్దవాళ్ళకి ఉన్న రాయితీ మాత్రం 2020 మార్చి 20 నుంచి తీసేశారు. అంతకుముందు 58 దాటిన ఆడవాళ్ళకి సగం ఛార్జీ, 60 దాటిన మగవాళ్ళకి 40 శాతం తగ్గింపు ఉండేవి. నాన్న ఉన్నప్పుడు ఇద్దరూ తిరుపతికి అలాగే వెళ్ళొచ్చేవారు. కరోనా పోయింది, రాయితీ తిరిగి రాలేదు. నా మటుకు నాకు ఇది పెద్ద అన్యాయం. పింఛను లేని ముసలివాళ్ళకి ఆ సగం ఛార్జీయే ఒక యాత్ర.

అయితే కింది బెర్తు కోటా ఉంది. 45 దాటిన ఆడవాళ్ళకీ 60 దాటిన మగవాళ్ళకీ వర్తిస్తుంది. అమ్మకి అడగకుండానే కింది బెర్తు వచ్చింది. మామయ్యకీ నాకూ దివ్యాంగుల కోటాలో తీసుకున్నాం, అమ్మది వేరే టికెట్టు. దాంతో బోగీలు వేరైపోయాయి. రాత్రంతా నేను రెండు బోగీల మధ్య నాలుగుసార్లు తిరిగాను. ఇలా వెళ్ళేవాళ్ళు ముందే ఆలోచించుకోండి: మనిషికి 135 రూపాయలు మిగుల్చుకుని విడివిడిగా కూర్చోవడమా, అందరూ ఒకేచోట ఉండడమా అని.

ఇంకో మాట. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ ఒక్కటే రైల్వేకి చూపిస్తే కుదరదు. వాళ్ళ నమూనా ప్రకారం ప్రభుత్వ డాక్టరు రాసిచ్చిన రాయితీ పత్రం ఉండాలి. దాన్ని పెట్టి రైల్వేవాళ్ళ ఫొటో కార్డు తెచ్చుకుంటే ఆ నంబరుతో ఇంట్లోంచే ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు. మామయ్య ఈ కార్డు కోసం ఓపిగ్గా తిరిగి తెచ్చుకున్నాడు, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకుంటాడు. తగ్గింపు మూల ఛార్జీ మీదే. రిజర్వేషన్ రుసుము 20 రూపాయలు మామూలుగానే కట్టాలి. అందుకే పావు ఛార్జీ అనుకున్నది 65 అయింది.

నంద్యాలలో దిగిన లాడ్జి గురించి చెప్పాలి. ఫోన్లో మూడుసార్లు అడిగాను. కింది అంతస్తులో గది కావాలి, కమోడ్ ఉండాలి అని. "అన్నీ ఉన్నాయి మేడం" అన్నారు. రోజుకి 1,400. తీరా వెళ్తే కింద గదిలో నేల మీద కూర్చునే దొడ్డి, కమోడ్ ఉన్న గది మొదటి అంతస్తులో. లిఫ్టు లేదు. మేనేజర్ని అడిగితే "రెండిట్లో ఏదో ఒకటి చూసుకోండి" అన్నాడు, కంప్యూటర్ మీద నుంచి తల కూడా ఎత్తలేదు. మామయ్య ఏమీ అనలేదు. చంకకర్ర నా చేతికిచ్చి, రెయిలింగు పట్టుకుని, పద్దెనిమిది మెట్లూ ఒక్కొక్కటే ఎక్కాడు. ఏడో మెట్టు దగ్గర ఆగినప్పుడు క్యాలిపర్ పట్టీ బిగిసి పిక్క దగ్గర ఎర్రగా కనిపించింది. అడ్వాన్సు వదులుకుని వేరేచోటికి పోదామన్నాను. "ఊరు తిరగడం కంటే మెట్లెక్కడమే నయం" అన్నాడు. రెండు రోజులూ పొద్దున ఒకసారి దిగి రాత్రికి ఒకసారి ఎక్కాడు. మధ్యాహ్నం పడుకోవాలనిపించినా పైకి రాలేదు, బస్టాండు బెంచీ మీదే నడుం వాల్చాడు. గది ఫొటో, బాత్రూం ఫొటో వాట్సాప్‌లో పంపించుకుని, గది నంబరు చెప్పించుకునేదాకా ఎవరికీ అడ్వాన్సు పంపకండి.

మహానంది నంద్యాలకి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. పల్లెవెలుగు బస్సు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టిస్తుంది. మా బస్సులో కండక్టరు ఆడమనిషే. అమ్మ తన సున్నా టికెట్టుని మడిచి పర్సులో కుంకం పొట్లం పక్కన పెట్టుకుంది. మామయ్యకి దివ్యాంగుల పాస్ ఉంది కాబట్టి సగం, 15 రూపాయలు.

ఉచితం మంచిదే, నేను గట్టిగా సమర్థిస్తాను. కానీ టికెట్టు లేకపోయినంత మాత్రాన బస్సెక్కడం తేలిక కాదు. మొదటి మెట్టు నేల నుంచి మోకాలెత్తులో ఉంది. మామయ్య ముందు చంకకర్రని లోపలికి చేరేసి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, కుడికాలు పైన వేసి, ఎడమకాలుని చేత్తో ఎత్తి పెట్టుకోవాలి. వెనక నుంచి జనం తోస్తుంటే అది జరిగే పని కాదు. ఆ కండక్టరమ్మ తలుపు దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, "ఆయన ఎక్కినాకనే మీరంతా" అని అందరినీ నిలబెట్టేసింది. తర్వాత "వికలాంగులకు" అని రాసిన సీట్లో ఫోన్ చూసుకుంటున్న కుర్రాణ్ణి పేరు పెట్టి పిలిచి లేపింది. రోజూ వచ్చే కుర్రాడట. దిగేటప్పుడు డ్రైవరు బస్సుని గట్టుకి ఆనించి ఆపాడు, మెట్టు ఎత్తు సగానికి తగ్గింది. ఆ ఇద్దరి వల్లే ఆ పూట బాగా గడిచింది.

మహానందిలో కార్తీక సోమవారం కాకపోయినా రద్దీ ఉంది. దర్శనం గంటన్నర. బయటి గుండంలో మామయ్య క్యాలిపర్ విప్పి, మెట్టు మీద కూర్చుని నడుం దాకా నీళ్ళలోకి దిగాడు. అడుగున రాళ్ళు లెక్కపెట్టేంత తేటగా ఉంది నీరు. సన్నటి ఆ కాలు నీళ్ళలో తేలుతుంటే దాన్నే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. బరువు లేదట. అమ్మ గట్టు మీద దీపం పెట్టుకుంటూ తమ్ముణ్ణి లేవమనలేదు. తొందరపెట్టడం ఆమెకి పుట్టుకతో వచ్చిన గుణం, అయినా ఆ రోజు పెట్టలేదు.

మర్నాడు యాగంటి. బనగానపల్లె దాకా బస్సు, అమ్మకీ నాకూ ఉచితం. అక్కడి నుంచి ఆటో రానూపోనూ, ఆగడంతో కలిపి, 300. గుహలు మెట్లెక్కగలిగిన వాళ్ళకే. మామయ్య కోనేటి దగ్గర ఉండిపోయాడు, పెరుగుతాడని చెప్పుకునే బసవన్నని మాత్రం తాకి దండం పెట్టుకున్నాడు. పొద్దున తిన్న ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ ప్లేటు 40 రూపాయలు. అమ్మ రెండోసారి అడిగి తింది.

ఇక అసలు సంగతి. తిరుగు రైల్లో బెర్తులు లేవు. రాత్రి సూపర్ లగ్జరీ బస్సుకి వెళ్దామనుకున్నాం. ఆ బస్సుల్లో స్త్రీశక్తి వర్తించదు, మామయ్య పాస్ కూడా చెల్లదు. నా ఫోన్లో డబ్బు రెండుసార్లు కట్ అయ్యి టికెట్టు రాలేదు. లాడ్జి దగ్గర టికెట్లు బుక్ చేసే కొట్టు ఒకటుంటే అక్కడికి వెళ్ళాం. మా ముందు పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు, డెబ్భై దాటి ఉంటాయి, కడపకి టికెట్టు తీసుకుని వేలు తడిచేసుకుంటూ నోట్లు లెక్కపెట్టి ఇచ్చారు. తర్వాత మా వంతు. కుర్రాడు పేర్లూ వయసులూ అడిగాడు. ఒక్కొక్కరికి 610, ముగ్గురికీ 1,830, సర్వీసు ఛార్జీ 90, మొత్తం 1,920 తీసుకున్నాడు. ప్రింటు తీసి, కింది భాగం కత్తెరతో కత్తిరించి, పైముక్క నా చేతిలో పెట్టాడు. కాగితం చిన్నగా ఉంటే పోకుండా ఉంటుందన్నాడు. నాకు అనుమానం రాలేదు.

బస్సు ఎక్కాక కండక్టరుగారు చార్టు చూసి, "అమ్మా, మీది సీనియర్ సిటిజన్ టికెట్టు, ఆధార్ చూపించండి" అన్నారు. అమ్మ ఆధార్ ఉన్న సంచి కింద డిక్కీలో ఉంది. "మాది పూర్తి టికెట్టేనండీ, 610 కట్టాం" అన్నాను. ఆయన మిషన్ నా వైపు తిప్పి చూపించారు. అమ్మ పేరు ఎదురుగా 465. అరవై దాటినవాళ్ళకి మన ఆర్టీసీలో మూల ఛార్జీలో 25 శాతం తగ్గింపు ఉంది. కొట్లో కుర్రాడు అమ్మ వయసు వేసి తగ్గింపు ధరకే టికెట్టు తీసి, మా దగ్గర పూర్తి ధర పట్టుకున్నాడు. ఆ ధర ఉన్న ముక్కనే కత్తిరించేశాడు.

అమ్మకి విషయం అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక డబ్బు మాట ఎత్తలేదు. "నేను తప్పుడు టికెట్టు మీద ఎక్కానా?" అని కండక్టరుగారిని అడిగింది. ఆ మాటకి నాకు కడుపు మండిపోయింది. ఆధార్ చూపించలేకపోతే మిగతా ఛార్జీ ఆమె చేతే కట్టించేవారు, అదీ నిండు బస్సులో. ఆయన మంచివారు. "మీ తప్పేం లేదమ్మా, గిద్దలూరులో ఆపుతాం, అప్పుడు తీసి చూపించండి చాలు" అన్నారు. గిద్దలూరులో దిగి సంచి తీసి చూపించాం. అక్కడి నుంచి అమ్మ ఆధార్‌ని చేతిలోనే పట్టుకుని కూర్చుంది, నిద్రపోలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఎవరైనా టికెట్టు తీసి పెడుతుంటే ఈ పని చేయండి. బుకింగులో మీ సొంత ఫోన్ నంబరే ఇవ్వండి, మెసేజ్ మీకే వస్తుంది, అసలు ధర అందులో ఉంటుంది. "సీనియర్ సిటిజన్ టికెట్టేనా, ఎంత పడింది?" అని నోరు తెరిచి అడగండి. ప్రింటు మొత్తం తీసుకోండి. వీలైతే బస్టాండు కౌంటర్లోనే తీయించండి, పదిహేను నిమిషాలు వరుసలో నిలబడ్డా పరవాలేదు. ఆధార్ మాత్రం చేతిసంచిలో ఉండాలి, కింద పడేసే సామానులో కాదు.

తెల్లవారి విజయవాడ బస్టాండులో దిగి కొట్టుకి ఫోన్ చేశాను. మొదటిసారి కట్ చేశాడు. రెండోసారి మామయ్య మాట్లాడాడు. గొంతు పెంచలేదు, టికెట్టు నంబరు, కండక్టరుగారి మిషన్లో చూసిన ధర చదివి వినిపించాడు. "పొరపాటయింది సార్" అని పది నిమిషాల్లో 145 ఫోన్‌పేలో వేశాడు. సర్వీసు ఛార్జీ 90 ఉంచుకున్నాడు.

డబ్బు వచ్చిందని అమ్మకి చెప్పాను. సిటీ బస్సు కోసం నిలబడి ఉంది, ఆధార్ ఇంకా చేతిలోనే ఉంది.

"మరి మన ముందు ఆ పంచె కట్టుకున్నాయన?" అంది. "ఆయన టికెట్టు కూడా కత్తిరించే ఇచ్చాడు. నేను చూశాను."