గది మొత్తాన్నీ నిద్రపుచ్చే పుస్తకం: 'గుడ్‌నైట్ మూన్'

విశాఖ ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉంటాం. బి షిఫ్ట్ అయితే నేనొచ్చేసరికి మా పాప నిద్రపోయి ఉంటుంది. అందుకే ఎ షిఫ్ట్ రోజుల్లో దాన్ని పడుకోబెట్టే పని ఎవరికీ వదలను. దానికి రెండున్నరేళ్ళు. ఐదు నెలలుగా మా ఇద్దరిదీ ఒకటే పుస్తకం, 'గుడ్‌నైట్ మూన్'. మార్గరెట్ వైజ్ బ్రౌన్ రాశారు, క్లెమెంట్ హర్డ్ బొమ్మలు వేశారు. 1947లో అమెరికాలో వచ్చింది.

ఇందులో కథంటూ లేదు. పచ్చటి గోడల గది, మంచం మీద కుందేలు పిల్ల. గదిలో ఉన్న ఒక్కో వస్తువుకూ గుడ్‌నైట్ చెప్పడమే. కుర్చీలకు, దువ్వెనకు, ఆఖరికి గిన్నెలో జావకు కూడా! మొదటిసారి చదివి, ఇంతేనా అనుకున్నాను.

పదోసారికి గానీ బొమ్మల పనితనం పట్టుబడలేదు. రంగుల పేజీలు తిప్పేకొద్దీ గదిలో పిసరు పిసరు చీకటి పడుతుంది. కిటికీలో చందమామ పైకొస్తాడు. గడియారం ఏడింటికి మొదలై ఎనిమిదీ పదికి చేరుతుంది. పిల్లలకు నిద్ర పట్టడానికి ఎంతసేపవుతుందో తెలిసినవాళ్ళు వేసిన బొమ్మలివి. ఆ పేజీల్లో ఎక్కడో ఒకచోట బుల్లి ఎలుక ఉంటుంది. మొదట్లో పాప 'ఇదిగో!' అని అరిచేది. ఇప్పుడు దానిమీద వేలు పెట్టి ఊరుకుంటుంది. ఆ వేలు బరువెక్కిందంటే ఇక నిద్ర వచ్చేసినట్టే.

గుడ్‌నైట్ అనే మాట మా ఇంట్లో అతకలేదు. 'బజ్జో' అని మార్చుకున్నాను. కుర్చీ బజ్జో, దువ్వెన బజ్జో. గొంతు తగ్గించి, ఆగి ఆగి చదవాలి. గబగబా చదివిన రోజు పాప మళ్ళీ మొదటి పేజీకి తిప్పుతుంది. పుస్తకం అయ్యాక మా గది మొదలవుతుంది: బీరువా బజ్జో, బొంత బజ్జో. ఫ్యాను దగ్గర మాత్రం ఆగుతుంది. 'ఫ్యాను బజ్జోకూడదు నాన్నా, ఉక్కపోస్తుంది.'

కొంటే అట్ట పేజీలదే కొనండి. పల్చటి కాగితాలది ముందు తెచ్చాను, ఎర్ర బెలూన్ దగ్గర చిరిగిపోయింది. అట్టది చిన్న సైజు, గడియారం ముళ్ళు చూడాలంటే కళ్ళు చిట్లించాలి. అదొక్కటే లోటు. మధ్య మధ్య వచ్చే నలుపు తెలుపు పేజీలు మొదటి వారం పాపకు గిట్టలేదు, దాటించేసేది. ఇప్పుడు వాటి దగ్గరే రెప్పలు వాలుతున్నాయి.

చివర్లో నక్షత్రాలకు, గాలికి, ఎక్కడెక్కడి చప్పుళ్ళకో కూడా గుడ్‌నైట్ ఉంది. నిన్న రాత్రి సరిగ్గా అక్కడికి వచ్చేసరికి దూరంగా గూడ్సు బండి కూత వినపడింది. పాప కళ్ళు తెరవకుండానే 'రైలు బజ్జో' అంది.