హోమ్ లోన్ ఏజెంట్‌తో మా అనుభవం: మూడేళ్లు కిస్తీలు కట్టాక రాస్తున్న సమీక్ష

నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు 2022లో ఒక పాత ఇండిపెండెంట్ ఇల్లు కొన్నాం. హోమ్ లోన్ ఏజెంట్ ద్వారా తీసుకున్నాం. మూడేళ్లకు పైగా కిస్తీలు కడుతున్నాం కాబట్టి లోన్ గురించీ, ఏజెంట్ గురించీ ఇప్పుడు విడివిడిగా చెప్పగలను. లోన్‌కు ఐదులో నాలుగు మార్కులు. ఏజెంట్‌కు ఒకటి, అదీ ఇంటికొచ్చి కాగితాలు తీసుకెళ్లినందుకు.

మా ఆయనది ఎలక్ట్రికల్ షాపు. జీతం స్లిప్పు ఉండదు కాబట్టి ఐటీ రిటర్నులు, జీఎస్టీ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి లెక్క కడతారు. నేను ప్రైవేట్ కాలేజీలో పాఠాలు చెప్తాను. పగటి పూట బ్యాంకు చుట్టూ తిరిగే తీరిక ఇద్దరికీ లేదు. ఏజెంట్‌కు కమీషన్ బ్యాంకే ఇస్తుంది, మనం ఇవ్వాల్సింది ఏమీ ఉండదు. మాలాంటి వాళ్లు ఏజెంట్ దగ్గరికి వెళ్లడానికి ఈ కారణాలు చాలు.

ఉగాది అయ్యాక అగ్రిమెంట్ రాసుకుని బయానా ఇచ్చాం. మూడు నెలల గడువు. ఇల్లు అమ్మే పెద్దాయన హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోవాలని చూస్తున్నారు. ఏప్రిల్ గడిచింది, మే గడిచింది. ఫోన్ చేసినప్పుడల్లా ఏజెంట్‌ది ఒకటే మాట: "ఫైల్ లీగల్‌ల ఉందక్కా, ఈసీ రాలే. రేపు ఎల్లుండి అయితది." లీగల్ అంటే బ్యాంకు లాయర్ కాగితాలు చూడడం, ఈసీ అంటే ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే సర్టిఫికెట్. పెద్దాయన మాత్రం, "బిడ్డా, ఇంకో పార్టీ ఎక్కువ పెడ్తా అంటున్నరు, మీ మాట మీద ఆగిన" అనడం మొదలుపెట్టారు. ఆయన తప్పు ఏమీ లేదు. ఆయన స్థానంలో ఎవరున్నా అలాగే అంటారు.

ఈసీ రాలేదన్న మాట దగ్గరే మాకు అనుమానం వచ్చింది. తెలంగాణలో 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లకు ఈసీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు, మీసేవలో కూడా ఇస్తారు. మా ఆయన ఈసీ తీసుకుని నేరుగా బ్యాంకుకు వెళ్లారు. అక్కడ తెలిసింది, మా ఫైల్ అసలు లాగిన్ కాలేదని. లీగల్‌కు వెళ్లడం కాదు, బ్యాంకులో మా పేరు మీద అప్లికేషనే లేదు. ఆ సాయంత్రమే మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టు తీసి చూశాం. ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తారు. అందులో మేము పేరు కూడా వినని ఒక ఫైనాన్స్ కంపెనీ ఎంక్వైరీ, అంటే లోన్ కోసం మా రికార్డు చూసినట్టు నమోదు, కనిపించింది. మేము సంతకాలు పెట్టిన కాగితాలు ముందు అక్కడికి వెళ్లాయి. అక్కడ పని కాకపోతే ఏజెంట్ పక్కన పడేశాడు. అడిగితే "మీ మంచికేనక్కా, ఎక్కువ లోన్ వస్తదని పెట్టిన" అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ ఒప్పుకోను. మన ఫైల్ ఎక్కడ పెడుతున్నారో మనకు చెప్పకుండా చేసేది మన మంచి ఎలా అవుతుంది?

జూన్ ఆఖరులో బ్యాంకులోనే నేరుగా లాగిన్ చేయించాం. బ్యాంకు ప్యానెల్ లాయర్ కొద్ది రోజుల్లోనే అసలు సమస్య చెప్పారు: లింక్ డాక్యుమెంట్లలో, అంటే ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత కాగితాల్లో, తొంభైల నాటి సేల్ డీడ్ ఒకటి లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెడితే వచ్చింది, పెద్ద కష్టం కాలేదు. అదే పని ఏప్రిల్‌లో చేసి ఉంటే గడువులోపే రిజిస్ట్రేషన్ అయిపోయేది. కాగితం లేకపోవడం ఎవరి ఇంటికైనా జరిగేదే. ఆ సంగతి మాకు తెలియనివ్వకుండా నెలలు గడపడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఈలోపు రెపో రేటు, అంటే బ్యాంకులకు ఆర్బీఐ అప్పిచ్చే వడ్డీ రేటు, మారింది. ఆర్బీఐ 2022 మేలో 0.40, జూన్‌లో 0.50 శాతం పెంచింది. ఆలస్యం వల్ల వడ్డీ పెరిగిందని బంధువులు అన్నారు కానీ అది సరైన లెక్క కాదు. రెపోకు ముడిపడిన లోన్ ఏప్రిల్‌లో తీసుకున్నా తర్వాత పెరిగేదే. మాకు దెబ్బ తగిలింది ఇంకో చోట. వడ్డీ పెరిగితే అదే ఆదాయానికి వచ్చే లోన్ తగ్గుతుంది. 6.9 శాతం దగ్గర ఇరవై ఏళ్లకు లక్షకు కిస్తీ సుమారు 769 రూపాయలు, 7.8 దగ్గర 824. అంటే 30 లక్షలు రావాల్సిన చోట 28 లక్షలే వస్తాయి. ఆ తేడాకు చిట్టీ తక్కువకు పాడి ఎత్తుకున్నాం, నా గాజులు బ్యాంకులో పెట్టాం. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం ఎలాగూ చేతి నుంచే కట్టాలి. అది ముందే తెలుసు, ఇది తెలియదు.

పెద్దాయనకు ఇంకొంత బయానా ఇచ్చి, అగ్రిమెంట్ వెనక గడువు పెంచుతూ రాయించుకున్నాం. నోటి మాటతో వదిలేయకుండా అలా రాయించుకోమని చెప్పింది డాక్యుమెంట్ రైటరే, ఆయనకు రుణపడి ఉంటాం. ఆషాఢం దాటాక శ్రావణంలో రిజిస్ట్రేషన్, ఆ వెంటనే గృహప్రవేశం. కిరాయి ఇంటికి అన్ని నెలలూ అదనంగా కట్టాం.

ఇక లోన్ సంగతి. 2023 ఫిబ్రవరికి రెపో 6.50కి చేరింది. బ్యాంకు కిస్తీ పెంచకుండా కాలం పొడిగించింది. కిస్తీ పెంచుకోవాలా, కాలం పెంచుకోవాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్లకే వదలాలని ఆ ఏడాది ఆగస్టులో ఆర్బీఐ చెప్పింది. మేము అడిగి కిస్తీ పెంచుకున్నాం. షాపు బాగా నడిచిన పండగ సీజన్లలో కొంచెం అసలు కూడా కట్టాం. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌కు ముందస్తు చెల్లింపు మీద చార్జీ ఉండదు. 2025లో రెపో తగ్గినప్పుడు మా వడ్డీ కూడా తగ్గింది. వీటిలో దేనికీ ఏజెంట్ అవసరం రాలేదు, బ్యాంకులో అడిగితే చాలు.

ఏజెంట్ మీద బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. తను పెట్టుకున్న ఏజెంట్ చేసే పనికి బాధ్యత బ్యాంకుదే. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్బీఐ ఓంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. మాకు అంతదూరం పోవాల్సి రాలేదు, మేనేజర్ పిలిచి మాట్లాడారు, ప్రాసెసింగ్ ఫీజులో కొంత తగ్గించారు.

మొన్న మా ఆడబిడ్డ మిర్యాలగూడలో ఇల్లు చూసుకుంది, ఏజెంట్ ద్వారానే వెళ్తానంది. నేను వద్దనలేదు. సంతకం పెట్టే ప్రతి కాగితం మీద బ్యాంకు పేరు తన చేత్తో రాయమన్నాను, ఖాళీ ఫారం మీద సంతకం చేయొద్దన్నాను, లాగిన్ అయ్యాక అప్లికేషన్ నంబర్ తన ఫోన్‌కే రావాలన్నాను. నాలుగో రోజుకు నంబర్ వచ్చింది. లింక్ డాక్యుమెంట్లు అంతకుముందే లాయర్‌కు చూపించుకుంది.